జిద్దా ఎన్ని భుజాలు?

టేకులపల్లి నుంచి అడవిలోకి రోడ్డు వేయించిన మేస్త్రి, కిలోమీటరు రాయి పాతించి చేతులు దులుపుకుంటుంటే బొజ్జయ్య కావడితో అటుగా వచ్చాడట. రాయి దగ్గర ఆగి, భుజం తడుముకుని, ఇది ఇక్కడ కాదు, ఇంకో ఇరవై అడుగులు అవతల అన్నాడట. మేస్త్రి నవ్వాడు. సాయంత్రం గొలుసు పట్టి కొలిస్తే ఇరవై ఒక్క అడుగుల తేడా వచ్చింది. ఆ ఒక్క అడుగు గొలుసు తప్పే గాని బొజ్జయ్య తప్పు కాదని ఊరంతా తీర్మానించింది. నమ్మనివాళ్ళు పోయి రాయినే అడగవచ్చు. అది ఇప్పటికీ మార్చి పాతిన చోటే ఉంది.

బొజ్జయ్యది టేకులపల్లికి తూర్పున, ఎర్రగుట్ట అవతల ఉన్న బూరుగుగూడెం. కోయవాళ్ళ గూడెం అది. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయలు, ఏ కాలానికి ఏది దొరికితే అది కావడికెత్తుకుని గుట్ట దాటి టేకులపల్లిలో అబూబకర్ కొట్టుకు చేర్చడం అతని పని. ముప్పై ఏళ్ళుగా అదే దారి, అదే కొట్టు, అదే కావడి బద్ద. బద్ద రెండుసార్లు విరిగింది. భుజం విరగలేదు.

గూడేల్లో దూరానికి కొలత భుజమే. కావడి ఒక భుజం మీద పెట్టుకుని, ఇక మోయలేక రెండో భుజానికి మార్చేదాకా ఎంత నడిస్తే అంత ఒక భుజం. దూరమూ అదే, సేపూ అదే. అందరికీ భుజాలున్నాయి గాని, ఒక్కొక్కరిది ఒక్కో తీరు. కల్లు తాగిన రోజున ఒకడి భుజం సాగుతుంది, అత్తగారింటికి పోయే రోజున ఇంకొకడిది కుంచించుకుపోతుంది. బొజ్జయ్య భుజం మాత్రం ఎండకు సాగదు, వానకు కుంగదు. పొద్దున మొదలుపెట్టి ఏ చెట్టు దగ్గర ఏడోసారి మార్చాడో, పదేళ్ళ తర్వాతా ఆ చెట్టు దగ్గరే ఏడోసారి మారుస్తాడు. ఆ చెట్లు అతణ్ణి చూసి, అమ్మయ్య, మనం కదలకుండా ఉన్నచోటనే ఉన్నాం అని ధైర్యం తెచ్చుకుంటాయని అతని భార్య జంపక్క దెప్పేది.

ఆ భుజానికి ఒక నియమం ఉంది. నడవని దారికి లెక్క చెప్పదు. భద్రాచలం ఎంత దూరం అంటే నూట నాలుగు అనేవాడు, ఎందుకంటే మోశాడు. హైదరాబాదు అంటే, "నా భుజం అటు పోలే" అని ఊరుకునేవాడు. పోనీ అందాజుగా చెప్పు అంటే అందాజు అనే మాటనే అడవి పందిని చూసినట్టు చూసేవాడు.

ఈ కొలతను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ నమ్మిన మనిషి కోయగూడెంలో పుట్టలేదు. టేకులపల్లి బజారులో ఉంది. అబూబకర్ భార్య షరీఫా.

ఆమె నమ్మకం వెనక ఒక పొద్దు ఉంది. డెబ్బై మూడులో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, అబూబకర్ సరుకు కోసం బూరుగుగూడెంలోనే పందిరి వేసుకుని ఉన్నాడు. నిండు నెలల షరీఫా కూడా ఉంది. ఇంకా పదిహేను రోజులుందని లెక్కేసుకున్నారు. కడుపులో ఉన్నవాడు వేరే లెక్క వేసుకున్నాడు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. టేకులపల్లికి మోసుకుపోయినా బస్సు మధ్యాహ్నం దాకా లేదు. అడ్డదారిన ఎల్లందు దవాఖానాకే డోలీ కట్టారు. ముందు బొజ్జయ్య, వెనక అతని అన్న దూలయ్య, పక్కన పరిగెడుతూ అబూబకర్.

గుట్ట దిగగానే షరీఫా ఇంకెంత దూరమని అడిగింది. దూలయ్య జాలిగుండె మనిషి. "గదిగో అక్కా, వచ్చేసినం" అన్నాడు. బొజ్జయ్య వెనక్కి తిరగకుండానే, "ఇరవై తొమ్మిది" అన్నాడు.

ఆ మాటకు షరీఫా అతణ్ణి ఉర్దూలో ఏం తిట్టిందో ఇక్కడ రాయడం బాగుండదు. కాని పది నిమిషాలకు భుజం మార్చినప్పుడు అతను ఇరవై ఎనిమిది అన్నాడు. ఆ తర్వాత ఇరవై ఏడు. లెక్క ఒక్కసారి కూడా ఆగలేదు, ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. ఆమె నొప్పిని పళ్ళ మధ్య పెట్టుకుని ఆ అంకెలను పట్టుకుని వేలాడింది. ఎల్లందు పొలిమేరలో బొగ్గు రైలు గేటు దగ్గర మాత్రం ఆమె చేతులు వదిలేసింది. ఇక నాతో కాదు, ఇక్కడే దించండి అంది. అబూబకర్ ఏడుస్తున్నాడు. దూలయ్య దించబోయాడు.

"రెండే, అక్కా" అన్నాడు బొజ్జయ్య.

రెండంటే రెండే. రెండో భుజం పూర్తయ్యే చోట దవాఖానా మెట్టు అతని మోకాలికి తగిలింది. అరగంటలో ముక్తార్ పుట్టాడు. మొత్తం ముప్పై ఆరు భుజాలు. ఆ రోజు నుంచి షరీఫా దృష్టిలో లోకం రెండుగా చీలింది. దూరం దగ్గర జాలితో అబద్ధం చెప్పేవాళ్ళు ఒకవైపు, బొజ్జయ్య ఒకవైపు. ఖమ్మం బస్సెక్కినా కండక్టరును ఎన్ని భుజాలని అడిగి, వాడు తెల్లమొహం వేస్తే, దేశంలో చదువులు గిట్ల ఏడ్చినయ్ అనేది.

రెండువేల ఐదులో, మూడేళ్ళుగా దరఖాస్తు పెడుతున్న అబూబకర్‌కు హజ్ జాబితాలో పేరొచ్చింది. భార్యాభర్తలిద్దరివీ. ముసలాయన ఆ కాగితం చేత్తో పట్టుకుని కొట్టులో చింతపండు బస్తాల మధ్య చాలాసేపు నిలబడిపోయాడు. ఆయనకు అరవై ఏడు నిండాయి, గుండె బలహీనం. ఈసారి తప్పితే ఇంకోసారి లేదని ఆయనకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు.

డిసెంబరులో ప్రయాణం. పది రోజులుందనగా ముక్తార్ టికెట్ల కాగితం తెచ్చాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్ళు, కొట్టు అతనే చూసుకుంటున్నాడు. కొత్తగూడెంలో నెట్ సెంటరుకు పోయి, రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్య దూరమెంతో, ఎంతసేపు పడుతుందో చూపించే పేజీ కూడా తెరిపించాడు. హైదరాబాదు నుంచి జిద్దా నాలుగు వేల నూరు కిలోమీటర్లు, గాల్లో ఐదు గంటల నలభై నిమిషాలు. అమ్మ మెచ్చుకుంటుందని ఆ అంకెలను అరచేతి మీద రాసుకుని మరీ వచ్చాడు.

షరీఫా కాగితం తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. బయలుదేరేది పగలు పదకొండింటికి. దిగేది మధ్యాహ్నం రెండుంబావుకు ఐదు నిమిషాలు తక్కువ. వేళ్ళ మీద లెక్కపెట్టింది. మూడు గంటల పది నిమిషాలు. మళ్ళీ కొడుకు అరచేయి చూసింది. ఐదు గంటల నలభై.

"మిగిలిన రెండున్నర గంటలు మమ్మల్ని ఏం చేస్తరు?" అంది.

ముక్తార్ అక్కడి టైము వేరు, ఇక్కడి టైము వేరు అన్నాడు. టైము వేరు ఎట్లుంటుంది, ఉన్నది ఒక్కటే పొద్దు కదా అంది. అక్కడ గడియారం వెనక ఉంటుందన్నాడు. అయితే బాగు చేయించుకొమ్మను అంది. అతను ఎంత చెప్తే ఆమె అంత బిగుసుకుంది. చావుకు భయపడే మనిషి కాదు ఆమె. దూరం దాచిపెట్టేవాళ్ళంటేనే భయం. రెండున్నర గంటలు దాచారంటే ఆ రెండున్నర గంటల్లో చెప్పకూడనిది ఏదో ఉందన్నమాట. సముద్రం మీద ఆగుతుందేమో, ఎక్కడైనా దింపి మళ్ళీ ఎక్కిస్తారేమో. సాయంత్రానికి మాట తేల్చేసింది. బొజ్జయ్య వచ్చి ఎన్ని భుజాలో చెప్తే పోతుంది, లేకపోతే పోదు. ఆమె పోకపోతే అబూబకర్ పోడు. అది ఆయన అనలేదు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు, అంతే.

మర్నాడు బొజ్జయ్య కుంకుళ్ళ కావడి దించుతుండగానే ముక్తార్ సంగతి చెప్పాడు. బొజ్జయ్య చెమట తుడుచుకుని, అందరికీ తెలిసిన జవాబే చెప్పాడు. నా భుజం అటు పోలే.

"నీ భుజం పోకపోతే మా అబ్బా కూడా పోడు, కాకా" అన్నాడు ముక్తార్.

లోపల నుంచి అబూబకర్ చాయ్ తెచ్చి తానే చేతికిచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చాయ్ పంపించాడు గాని తెచ్చి ఇవ్వలేదు. ఏమీ అడగలేదు కూడా. బొజ్జయ్య ఆ చాయ్ సగం తాగి, ఆ నెట్టు సెంటరోడు ఎన్ని కిలోమీటర్లని చెప్పాడో మళ్ళీ చెప్పమన్నాడు. తర్వాత నా భుజమొకటి నీ బండితో కొలువు అన్నాడు.

ఇక టేకులపల్లికి ఆ వారమంతా నవ్వుకోవడానికి సరిపడా సరుకు దొరికింది. ఖాళీ కావడి కొలత కాదన్నాడు బొజ్జయ్య. ఏ బరువు మోస్తున్నాడో ఆ బరువే ఉండాలి. ఆనాడు షరీఫాను ఇద్దరు మోశారు కాబట్టి సగం షరీఫా బరువు కావాలి. మొదట ఆమె ససేమిరా అంది. తర్వాత బుర్ఖా సర్దుకుని కొట్టులోని కాంటా ఎక్కింది. యాభై నాలుగు కిలోలు. ముక్తార్ ఇరవై ఏడు కిలోల చింతపండు తూచి రెండు బుట్టల్లో సర్దాడు. సగం అమ్మను బొజ్జయ్య భుజానికెత్తుకుని గూడెం దారి పట్టాడు. వెనక ముక్తార్ మోటారుసైకిలు, మొదటి గేరులో, మనిషి నడక వేగంతో. గుట్ట ఎక్కేసరికి బండి ఇంజను కాలి పొగలు కక్కింది, బొజ్జయ్యకు నుదుటి మీద చెమట కూడా పట్టలేదు. రెండుసార్లు బండే ఆగి, బొజ్జయ్యే నిలబడి దానికి నీళ్ళు పోయాల్సి వచ్చింది. గూడెం చేరేసరికి భుజాలు పదిహేను, బండి ముల్లు చూపింది తొమ్మిది కిలోమీటర్లు. గడియారం ప్రకారం ఒక్కో భుజానికి పది నిమిషాలు.

ముక్తార్ కొట్టుకు వచ్చి కాలుక్యులేటరు నొక్కాడు. ఒక భుజానికి ఆరు వందల మీటర్లు. నాలుగు వేల నూరు కిలోమీటర్లంటే ఆరు వేల ఎనిమిది వందల ముప్పై మూడు భుజాలు, పైన మూడో వంతు.

అంత అంకె బొజ్జయ్య బతుకులో ఎప్పుడూ వినలేదు. విన్నా అది ఎంత ఉంటుందో కంటికి కనపడాలి కదా. ఆ కొట్టులో చింతగింజలకు కరువు లేదు. ఒక సోలకు ఎన్ని గింజలు పడతాయో ముక్తార్ లెక్కపెట్టాడు, తర్వాత సోలతో కొలిచి నేల మీద పోయడం మొదలుపెట్టాడు. ఒక గింజ ఒక భుజం. చివరికి ఆ మూడో వంతు వదిలేద్దామన్నాడు ముక్తార్. బొజ్జయ్య ఒప్పుకోలేదు. ఆ మిగిలింది నడిచేది ఎవరు అని అడిగాడు. గింజను పోకచెక్కల కత్తెరతో ముక్కలు చేసి, మూడో వంతు పైన పెట్టారు.

కుప్ప మోకాలెత్తు లేచింది. నల్లగా, నున్నగా, ఎండ పడి మెరుస్తూ. బొజ్జయ్య దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అందులోంచి పదిహేను గింజలు ఏరి పక్కన పెట్టాడు. అది గూడెం నుంచి టేకులపల్లి. ఎనభై తొమ్మిది కలిపి నూట నాలుగు చేశాడు. అది భద్రాచలం. తాను ముప్పై ఏళ్ళలో చూసిన లోకమంతా ఒక దోసిట్లోకి వచ్చింది. కుప్ప ఏమీ తరగలేదు. ఇంత భూమి ఉందా అన్నట్టు ఒకసారి గుమ్మంలోంచి బయటికి, ఆకాశం దిక్కు చూశాడు.

ముక్తార్ అప్పుడు ఇంకో లెక్క చెప్పాడు. ఐదు గంటల నలభై నిమిషాలంటే ముప్పై నాలుగు పది నిమిషాలు. మనిషి ముప్పై నాలుగు భుజాలు మోసే సేపట్లో విమానం ఈ కుప్పంతా దాటుతుంది. బొజ్జయ్య ఏరినవి మళ్ళీ కుప్పలో కలిపి, రెండు వందల ఒక్క గింజలు విడదీసి, అరచేత్తో ఒక్క ఊపున అవతలికి నెట్టాడు. ఒక భుజం మార్చేలోపు ఇంత. టేకులపల్లిలో భుజానికెత్తుకుంటే సూర్యాపేటలో మార్చుకోవడం. ఇంకో రెండు వందల ఒకటి నెట్టాడు. అట్లా ముప్పై నాలుగుసార్లు నెట్టేసరికి కుప్పంతా అటు చేరింది, ఆ మూడో వంతుతో సహా. అతను తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు, అది తనదేనా అన్నట్టు.

"ఇక చెప్పేయొచ్చు కదా, కాకా" అన్నాడు ముక్తార్.

చెప్పలేకపోయాడు. ఎందుకంటే కాగితం మీద ఉన్నది ముప్పై నాలుగు కాదు. పదకొండు నుంచి రెండు గంటల పది నిమిషాల దాకా అంటే పందొమ్మిదే. మధ్యలో పదిహేను భుజాలు మాయమయ్యాయి. పదిహేనంటే గూడెం నుంచి టేకులపల్లి దారి మొత్తం. గడియారాల కథ ముక్తార్ అతనికీ చెప్పాడు గాని, ఎవరో చెప్పిన మాటను భుజం తనదిగా ఎట్లా ఒప్పుకుంటుంది. షరీఫమ్మ మొదట అడిగేది ఆ పదిహేను గురించే.

ముక్తార్ గొంతు తగ్గించాడు. అబ్బా మొహం చూడలేకపోతున్నానని, కాగితం మీద ఉన్నట్టే పందొమ్మిది అని చెప్పేయమని, విమానం ఎక్కాక ఎవరు లెక్కపెడతారని అన్నాడు.

బొజ్జయ్యకు కోపం రావడం చూసినవాళ్ళు టేకులపల్లిలో లేరు. ఆ రోజు ముక్తార్ ఒక్కడు చూశాడు.

"ఆ పొద్దు ఇరవై తొమ్మిది ఉన్నకాడ నేను పది అన్ననంటే, పదకొండో భుజం కాడ మీ అమ్మ పాణం ఇడిచేది. నువ్వు ఈడ కూసోని నాకు అబద్ధం నేర్పేటోడివి కాదు, బిడ్డా."

మూడు రోజులు బొజ్జయ్య టేకులపల్లి రాలేదు. ఆ పదిహేను భుజాలను వెతుక్కుంటూ తిరిగాడు. అడవిలో ఎద్దు తప్పిపోతే వెతికిపట్టేవాడు గాని, రెండున్నర గంటలు తప్పిపోతే వాటి అడుగుజాడలు ఎట్లా ఉంటాయో తెలియలేదు. అన్నం సరిగ్గా తినలేదు. పుల్లతో నేల మీద గీతలు గీసి చెరిపేవాడు. నేనింట్లో ఉన్నా కండ్ల పడను, సాయిబమ్మ ఎక్కే గాలి ఇమానం నీ కండ్లల్ల తిరుగుతుంది అని జంపక్క తగులుకుంది. మూడో సాయంత్రానికి లేచాడు. తన వల్ల కాదని, ఈ దారి తనకు తెలియదని షరీఫమ్మకే చెప్పి వద్దామని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

బూరుగుగూడెం గుట్టకు తూర్పున ఉంటుంది కాబట్టి అక్కడ పొద్దు జల్దీ గుంకుతుంది. అప్పటికే గూడెం నీడలో పడింది. కోళ్ళు గంపల కిందికి చేరాయి, పొయ్యిల పొగ లేచింది. బొజ్జయ్య తల వంచుకుని ఎక్కుతున్నాడు. కొన మీద అడుగు పెట్టగానే మొహానికి వెచ్చగా తగిలింది. తలెత్తాడు. పడమటి దిక్కున పొద్దు ఇంకా మూరెడు ఎత్తున, కుంకుమ ముద్ద లాగా, నిండుగా ఉంది.

వేలసార్లు ఎక్కిన గుట్ట. అయితే రోజూ అతను పొద్దున టేకులపల్లి పోయి సాయంత్రం తిరిగి వచ్చేవాడు. వెలుగులోంచి నీడలోకి దిగడమే అతనికి తెలుసు. గుంకిన పొద్దుకు ఎదురెక్కడం ఇదే మొదటిసారి. కింద గుంకిన పొద్దు పైన గుంకలేదు.

గబగబా కొంచెం కిందికి, నీడలోకి దిగాడు. మసక. కోళ్ళు గంపల కిందే ఉన్నాయి. మళ్ళీ ఎక్కాడు. పొద్దు ఉంది. మొత్తం మూడుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాడు. గూడెంలో వాళ్ళు పనులు మాని బయటికొచ్చి చూశారు. బొజ్జయ్యకు గాలి సోకిందని ఒకరు, సాయిబుల చాయ్ పడలేదని ఒకరు అన్నారు. అతను మాత్రం కొన మీద నిలబడి, పొద్దు నిజంగా గుంకేదాకా కదలలేదు. ఒక్క రోజులో అతనికి నాలుగు పొద్దులు గుంకాయి. ఆ అడవిలో పుట్టిన ఏ మనిషికీ అంతకు ముందు అట్లా జరగలేదు. జరిగినా వాళ్ళు చూసుకోలేదు.

మరుసటి సాయంత్రం షరీఫాను ఆటోలో బూరుగుగూడెం రప్పించాడు. పొద్దు గుట్ట చాటుకు పోయేదాకా ఆమెను తన ఇంటి ముందు మంచం మీద కూర్చోబెట్టాడు. జంపక్క చాయ్ ఇచ్చింది. నీడ వచ్చి వాకిలి కప్పేసింది. పొద్దు గుంకిందా అక్కా అని అడిగాడు. గుంకింది, నమాజు వేళయింది అందామె. అప్పుడు గోడకు ఆనించిన డోలీ తెచ్చాడు. ముందు బద్ద తానెత్తుకున్నాడు. వెనక బద్ద దగ్గర ముక్తార్‌ను నిలబెట్టాడు.

ముప్పై రెండేళ్ళ కింద ఆ డోలీలో కడుపులో పడుకుని వచ్చినవాడికి ఇప్పుడు దాని బరువేమిటో తెలిసింది. సగం దారిలోనే రొప్పుతూ, కాకా ఇంకెంత అన్నాడు.

"ఒకటిన్నర" అన్నాడు బొజ్జయ్య.

డోలీలోంచి షరీఫా నవ్వింది. అబద్ధం చెప్పడులే, మొయ్యి అంది కొడుకుతో.

కొన ఎక్కగానే ఆమె నవ్వు ఆగిపోయింది. ఎదురుగా పొద్దు. ఆమె మొహం, చేతులు, తెల్లటి దుపట్టా, అన్నీ ఎర్రబడ్డాయి. డోలీ దించినా లేవలేదు. ఒకసారి వెనక్కి తిరిగి మసకలో ఉన్న గూడేన్ని, మళ్ళీ ముందుకు తిరిగి పొద్దును చూసింది. పెదవులు కదిలాయి.

బొజ్జయ్య వెంట తెచ్చిన గింజల మూట విప్పలేదు. లెక్క నోటితోనే చెప్పాడు. ఇమానం పడమటికి పోతుంది, పొద్దు పోయే దిక్కుకే. ఈ గుట్ట ఎక్కితే మూరెడు పొద్దు మిగిలింది. అది ఎక్కే గుట్ట ఇంతకన్నా పెద్దది, రెండున్నర గంటల గుట్ట. అందుకే అక్కడ దిగేసరికి పొద్దు ఇంకా రెండు గంటల కాడనే ఉంటుంది.

"వాళ్ళు దాసింది ఏం లేదక్కా. పొద్దు మీ ఎంబడే నడుస్తది. మీకు మాత్రం ముప్పై నాలుగు భుజాలు. ఒక్కటి తక్కువ కాదు."

షరీఫా లెక్క వేసుకుంది. "ఎల్లందుకు ముప్పై ఆరు కదా" అంది.

"అవ్. రెండు తక్కువ."

ఆమె మళ్ళీ పొద్దు దిక్కు చూసింది. కొంచెంసేపటికి అసలు సంగతి అడిగింది. "ఆనాడు ముందు భుజం నీది. వెనక దూలన్నది. దీన్ని మోసేదెవరు తమ్మీ? కింద ఏముంటది?"

ముక్తార్ బొజ్జయ్య మొహంలోకి చూశాడు. గాలి మోస్తుందనో, ఇంజన్లు మోస్తాయనో, దేవుడు మోస్తాడనో ఏదో ఒకటి అంటే చాలు, అమ్మ లేచి ఆటో ఎక్కుతుంది. బొజ్జయ్య భుజం మీద కాయ కట్టిన చోటు రాసుకున్నాడు.

"నాకు తెల్వదక్కా. నేను నడిసిన దారి కాదు."

ముక్తార్ తల పట్టుకున్నాడు. షరీఫా మాత్రం డోలీలోంచి లేచి, దుపట్టా దులిపి, చెప్పులు వేసుకుంది.

"తెల్వదన్నవ్ సూడు. ముప్పై నాలుగు నిజమని అందుకే నమ్ముతున్న. పోదాం పా, బట్టలు సర్దుకోవాలె."

అనుకున్న రోజున, అబూబకర్, షరీఫా బేగంపేట విమానాశ్రయంలో కూర్చున్న పొద్దున, బొజ్జయ్య బూరుగుగూడెంలో కావడి సర్దుకున్నాడు. ఒక బుట్టలో ఆ ఆరు వేల ఎనిమిది వందల ముప్పై మూడు చింతగింజలు, మూడో వంతుతో సహా. మిగతా సగం షరీఫా బరువుకు చింతపండు. రేడియో పదకొండు కొట్టగానే భుజానికెత్తుకున్నాడు. పాత డోలీ దారి పట్టాడు, ఎల్లందు దిక్కుకు. ఎందుకని ఎవరడిగినా, ముందు భుజం ఒకటి ఖాళీగా ఉండొద్దు కదా అన్నాడు. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, జంపక్కకు తప్ప. ఆమె ఈసారి దెప్పలేదు. మజ్జిగ సీసా బుట్టలో పెట్టింది.

ఒక్కో భుజం మార్చినప్పుడల్లా రెండు వందల ఒక్క గింజల దూరం తలుచుకున్నాడు. మొదటి రెండు మూడు ఊహకు అందాయి. పదోది దాటాక అందలేదు. కింద నీళ్ళే ఉంటాయని, ఇటు గట్టు అటు గట్టు కనపడదని ముక్తార్ చెప్పాడు. అతను చూసిన పెద్ద నీళ్ళు భద్రాచలం దగ్గర వరద గోదారే. దాన్ని పక్కకు పక్కకు లాగి, అవతలి గట్టు చెరిపేసి, పైన షరీఫమ్మను పెట్టి చూసుకునేవాడు. చూసుకున్నప్పుడల్లా బుట్టల తాళ్ళు గట్టిగా పట్టుకునేవాడు. అయినా భుజం ఎక్కడ మారాలో అక్కడే మారింది. యాభై రెండేళ్ళ ఒళ్ళు ఇరవై ఏళ్ళ వయసు నాటి చెట్ల దగ్గరే ఆగింది. ఆ చెట్లు కొన్ని పడిపోయాయి, మొద్దులున్నాయి. మొద్దుల దగ్గర ఆగాడు.

ముప్పై నాలుగో భుజం పూర్తయింది. కావడి దించి చూస్తే, ఎదురుగా ఎల్లందు బొగ్గు రైలు గేటు. దవాఖానాకు ఇంకా రెండు భుజాలు ఉంది. ఆనాడు ఇక నాతో కాదు, దించండి అన్న చోటు అదే.

గేటు వేసి ఉంది. బొగ్గు బళ్ళు ఒకటొకటిగా పోతున్నాయి. బొజ్జయ్య గేటు పక్కన బండ మీద కూర్చుని పడమటి దిక్కు చూశాడు. పొద్దు ఇంకా గంటసేపు ఉంటుంది. అదే పొద్దు ఇప్పుడు అక్కడ నెత్తి మీది నుంచి కొంచెం వాలి ఉంటుంది. ఒక్క పొద్దే, ఇక్కడ ఇట్లా, అక్కడ అట్లా. ఆ రెండూ ఒకేసారి మనసులో పట్టుకుందామని చూస్తే తల తిరిగింది. రెండు చేతులతో బండను గట్టిగా పట్టుకున్నాడు.

గేటు తెరిచేసరికి అవతలి నుంచి ముక్తార్ మోటారుసైకిలు వచ్చింది. గూడెం పోతే జంపక్క ఈ దారి చెప్పిందట, రోడ్డు చుట్టూ తిరిగి వచ్చాడట. ఎల్లందు చేరగానే సెల్లుకు ఫోను వచ్చిందని చెప్పబోతున్నాడు.

"దిగిర్రు" అన్నాడు బొజ్జయ్య, బండ మీద నుంచి లేవకుండానే.

ముక్తార్ బండి ఆపి, అమ్మ ఫోనులో చెప్పిన మొదటి మాట చెప్పాడు. అక్కడ ఇంకా ఎండ దంచుతోందట. తస్బీ పూసలు పది నిమిషాలకొకటి జరుపుతూ లెక్కపెట్టుకుందట. చక్రాలు నేల తాకినప్పుడు ముప్పై నాలుగో పూస వేళ్ళ మధ్యనే ఉందట. అబ్బా పక్కన నిలబడి ఏడుస్తున్నాడట, ఈసారి భయంతో కాదు.

బొజ్జయ్య భుజం మీద కాయను ఒకసారి తట్టాడు, ఎద్దును తట్టినట్టు. తర్వాత కావడి మళ్ళీ ఎత్తుకున్నాడు. బండెక్కు కాకా, నేను దింపుతా అన్నాడు ముక్తార్. అతను వినలేదు. దవాఖానా మెట్టు వైపు తిరిగాడు.

"రెండు మిగిలినయ్ కదా" అన్నాడు. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "మీ అమ్మకు ఫోన్ల చెప్పు. వచ్చేటప్పుడు పొద్దుకు ఎదురొస్తరు. ఆ రెండున్నర గంటలు తిరిగి ఇచ్చేసి రావాలె. జల్దీ చీకటి పడ్డదని భయపడొద్దను."